కుట్టని గౌను

ఈ టేపు మీద తొంభై నుంచి నూట పది దాకా
అంకెలు అరిగిపోయాయి.
మిగతా చోట్ల కొత్తగానే ఉంది.
పద్దెనిమిదేళ్లుగా గ్రీనాక్ కొండవాలు వీధుల్లో
నడుముల చుట్టూ తిరిగి తిరిగి
అది నేర్చుకున్నది ఆ ఇరవై అంకెలే.

ఇవాళ 0417.
ఫారం మీద పేరు రాయకూడదు.
ఇది ఫారం కాదు గనక చెబుతున్నాను, సెంగా.
లిఫ్టు పనిచేయడం లేదు.
బ్యాగులో బీపీ మిషను, ఐసు డబ్బా,
చేతికి చుట్టే పట్టీలు మూడు సైజులవి,
ముప్పై రెండు పేజీల ప్రశ్నలు.
నాలుగో అంతస్తులో గోడ పట్టుకుని నిలబడ్డాను.
ఆ సంగతికి ఏ పేజీలోనూ చోటు లేదు.

"వచ్చావా దర్జీ!
మూడేళ్లకోసారి కొలతలు పట్టుకుపోతావు,
ఒక్క గౌనైనా కుట్టివ్వవేం?"

సెంగా ఒకప్పుడు చక్కెర మిల్లులో
బస్తాల మూతులు కుట్టేది.
రేవులో ఓడలు గోధుమరంగు గుట్టలు దింపేవి,
అవి తెల్లబడి ఎవరెవరి టీ కప్పుల్లోకో వెళ్లేవి.
జుట్టులో చక్కెర, కనురెప్పల మీద చక్కెర.
అప్పటి పెళ్లికొడుకు
"మొహం కడుక్కోకే" అని బతిమాలేవాట్ట.
ఆ పెళ్లికొడుకు 0416.
ఆ వరుసలో ఇప్పుడొక తేదీ, ఒక కోడు.

మిల్లు మూసేశారు.
ఊళ్లోంచి షుగర్ పోయింది.
ఊరికి షుగర్ వచ్చింది.
సెంగాకి, ఆమె చెల్లెలు నెట్టాకి,
పక్క ఫ్లాటు డూగల్‌కి,
డూగల్‌కైతే రెండు కాలివేళ్లు తీసుకుపోయింది.

ప్రశ్న పద్నాలుగు. రోజుకు ఎన్నిసార్లు కూరగాయలు తింటారు?
సెంగా నన్ను కిటికీ దగ్గరకు లాక్కెళ్లింది.
కింద దుకాణంలో పచ్చగా ఉన్నది
తలుపు మీద అంటించిన క్యారెట్ల బొమ్మ, దాని ఆకులు.
అసలు క్యారెట్టుకు రెండు బస్సులు మారాలి.
సంచీతో కొండెక్కి రావాలి, తిమ్మిరి కాళ్లతో.
బస్సు చార్జీకి గడి లేదు, కొండకు గడి లేదు.
సున్నా వేశాను.
ప్రశ్న ఇరవై. వ్యాయామం చేస్తారా?
"ఏడంతస్తులు, రోజుకు రెండుసార్లు.
ఆ లిఫ్టును పుణ్యాత్మురాలని రాసుకో."

పడమటి గట్టున, అదే నది పక్కన, అదే వానలో,
నా జాబితాలో ఇంకొకాయన ఉన్నాడు, 0388.
ఎనభై ఆరేళ్లు. సొంత పడవ.
ఆయనా వెన్న రాసుకుంటాడు, ఆయనా విస్కీ పోసుకుంటాడు,
యాభై ఏళ్లు పైపు కాల్చాడు.
ఆయన తప్పులు ఆయన్ను చూసీ చూడనట్టు పోయాయి.
ఇక్కడి తప్పులు మాత్రం
వారం వారం గుమ్మంలోకి వస్తాయి, వడ్డీ వసూలుకు.

ఆఫీసులో రూరీ అనే కుర్రవాడు
మా అందరి అంకెల్నీ పోసి ఒక గీత గీశాడు.
మంచివాడే. "ఈ వాలు చూశారా" అన్నాడు.
చూడకేం నాయనా,
రోజూ బ్యాగుతో ఎక్కుతున్నది దాన్నే.
ఆ మాట అనలేదు.
గీత చాలా బాగుందన్నాను.
దానికి దగ్గు లేదు, గోడల చెమ్మ లేదు,
కరెంటు మీటరులో నాణెం అయిపోయి
దుప్పటి కప్పుకున్న సాయంత్రం లేదు.
అయినా, అది లేకపోతే
ఇవన్నీ సెంగా ఒక్కదాని సోమరితనం అనేసేవాళ్లు.
అందుకే మళ్లీ వచ్చాను.

రక్తం తీసి, గొట్టం ఐసులో పెట్టి,
ఫారాలు మూస్తుంటే టేపు లాక్కుంది.
"మరి దర్జీ కొలత ఎవరు తీస్తారు?"
వద్దన్నాను. నిబంధనలన్నాను.
నేను శాంపిల్లో లేనన్నాను.
నేను పుట్టింది కింది వీధిలో, చేపల కంపెనీ వెనక,
అది ఆమెకు తెలుసు.
"చేతులెత్తు" అంది,
ఆరుసార్లు నేను ఆమెతో అన్నట్టే.
కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి
చాలాసేపు వంగి చూసింది.

"కనబడి చావడం లేదే" అంది.
"అంతా అరిగిపోయింది.
ఎంతో ఏమో గానీ, మన వీధి నడుమే."